గోడవైపు తిప్పిన పటాలు

రాజధానిలో పటాల అంగడి మొట్టమొదట తెరిచింది పేరిందేవి. అంతకుముందు బొమ్మలన్నీ కోటలోనే ఉండేవి. ఆమె పుణ్యమా అని ఊళ్లోవాళ్ల గోడలకీ ఎక్కాయి.

బేరాలు పుంజుకుంటుండగా మంత్రి భైరవమూర్తి కన్ను పడింది. తన నిలువెత్తు పటం మోయించుకొచ్చి, "దీన్ని నట్టనడుమ పెట్టు. తక్కినవన్నీ గోడవైపు తిప్పెయ్. జనం నన్నే చూడాలి, నన్నే కొనాలి. కాదన్నావో, అంగడికి తాళమే!" అని హుకుం చేశాడు.

పేరిందేవి తక్కినవన్నీ తిప్పేసింది.

నెల తిరక్కుండా అంగడి ముందు ఇసకేస్తే రాలనంత జనం! మంత్రి మండిపడి ఆమెను రాజుగారి ముందు నిలబెట్టాడు. "నా పటం అక్కడే పడుంది ప్రభూ, తక్కినవన్నీ అమ్ముడుపోతున్నాయి! ఇది నా ఆజ్ఞ మీరింది."

"మీరలేదు మహారాజా," అంది పేరిందేవి. "అన్నీ గోడవైపే ఉన్నాయి. మంత్రిగారు అంతగా దాచమన్నారంటే ఏదో విశేషం ఉండే ఉంటుందని జనం చూడకుండానే కొంటున్నారు. ముఖం కనబడేది మంత్రిగారి పటం ఒక్కటే. అదొక్కటే కదలడంలేదు. సెలవిస్తే దాన్నీ తిప్పేస్తాను."

రాజు నవ్వాపుకుంటూ సరేనన్నాడు.

తిప్పిన పూటే మంత్రిగారి పటం అమ్ముడుపోయింది. మర్నాడు తెల్లారేసరికి కొన్నాయన దాన్ని భుజాన వేసుకుని అంగడి ముందు నిలబడ్డాడు.

"ఇంటికెళ్లి తిప్పి చూశానమ్మా," అన్నాడు. "వెనక్కి తీసుకో."