నీలం బోర్డున్న ఇల్లు

తెలివి విషయంలో ఆ ముగ్గురినీ మించినవాళ్ళు బొబ్బిలి చుట్టుపక్కల లేరు. ఈ మాట నాకెవరు చెప్పారంటే, ఆ ముగ్గురే చెప్పారు. తవిటినాయుడు, పైడిరాజు, సన్యాసిరావు. ఒకే ఊరు, ఒకే బెంచి, ఒకే రకం బుర్ర. "మాకు రెండోసారి చెప్పక్కర్లేదండీ. చెప్పింది చెప్పినట్టు చేసేస్తాం" అనేవాడు తవిటినాయుడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మీరే వినండి.

ముగ్గురికీ విశాఖపట్నం శివార్లో, పెందుర్తి అవతల, ఒక డిగ్రీ కాలేజీలో సీట్లొచ్చాయి. హాస్టలేమో నిండిపోయింది. ఇంకేముంది, పరుపుచుట్టలు, బకెట్టు, రైస్ కుక్కరు పట్టుకుని తవిటినాయుడి మేనమామ గోవిందరావు ఇంటికొచ్చి హాల్లో దిగిపోయారు.

అత్తయ్య సరోజిని మంచి మనిషి. మొదటిరోజు టేబుల్ ఫ్యాను వాళ్ళవైపే తిప్పి పెట్టింది. మర్నాడు గుడికెళ్తూ "ఎవరొచ్చినా తలుపు తియ్యకండి" అంది. అంతే. మామయ్య డ్యూటీ దిగి, జోరువానలో తడుస్తూ వచ్చి తలుపు బాదాడు.

"ఒరే, నేన్రా! మీ మామయ్యని!"

"తెలుసు మామయ్యా, గొంతు గుర్తుపట్టాం" అన్నాడు తవిటినాయుడు లోపల్నుంచి.

"మరి తియ్యవేంరా?"

"ఎవరొచ్చినా తియ్యొద్దంది అత్తయ్య. ఎవరొచ్చినా అంటే మీరొచ్చినా అనే కదా మామయ్యా?"

మామయ్య తడిసి ముద్దయ్యాడు. ముందు జలుబు పట్టుకుంది, దాని వెనకాలే జ్వరం వచ్చింది. అత్తయ్య ఫ్యాను తనవైపు తిప్పేసుకుని, "ఆదివారం లోపల వీళ్ళు ఇంకో ఇల్లు చూసుకోవాలి. లేకపోతే నేను మా పుట్టింటికి పోతాను" అంది.

అదే రోజు తవిటినాయుడి నాన్న లక్ష్మునాయుడు ఊరినుంచి ఫోన్ చేశాడు. "ఆదివారం సాయంత్రం వస్తన్నాను. ఉండడానికో ఇల్లు కుదుర్చుకున్నావా సరేసరి. లేదా, నాతో వచ్చి మన కారం మిల్లులో కూర్చో."

ఆ మాటకే తవిటినాయుడు ఒక తుమ్ము తుమ్మాడు. వాడికి కారం ఘాటు పడదు. మిల్లు గుమ్మం తొక్కితే చాలు, తుమ్మితుమ్మి ముక్కు ఎండుమిరపకాయలా అయిపోతుంది. పైగా కాలేజీ ల్యాబులో మాస్టారు ఒక్క చుక్కేస్తే నీళ్ళన్నీ గులాబీరంగుకి తిరగడం కళ్ళారా చూశాడు. ఆ రోజునుంచి వాడికి అన్నం సయించట్లేదు. అటు చూస్తే గులాబీరంగు నీళ్ళు, ఇటు చూస్తే జన్మంతా తుమ్ములు. పాపం, వాడి బాధ వాడిది.

శనివారం పొద్దున్న మామయ్య దుప్పటి కప్పుకుని కూర్చుని జాగ్రత్తలు చెప్పాడు. "ఇల్లు తీసుకునేముందు అన్నీ చూసుకోవాలిరా. మీ ముగ్గురిలో ఎవరి చోటు ఎక్కడో ముందే పంచేసుకోండి, తర్వాత గొడవలొద్దు. నీళ్ళు ఎంతసేపు వస్తాయో చూడండి. కష్టమొచ్చి పిలిస్తే ఇరుగుపొరుగు వస్తారో రారో కనుక్కోండి. ఓనరు కోపం ఎలాంటిదో కూడా ముందే తెలుసుకోండి. దిగాక తెలిస్తే లాభంలేదు."

వంటింట్లోంచి అత్తయ్య కూడా ఒక మాట కలిపింది. "ఆ కాలనీలో ఇళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఇంటికేదైనా గుర్తు పెట్టుకోండి. దారి అడిగితే తలొకళ్ళూ తలోవైపు చూపిస్తారు. ఎవరి మాటా నమ్మకుండా గుర్తు చూసుకునే వెళ్ళండి." పాపం, మంచికే చెప్పింది.

కాలనీలో నిజంగానే ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఒక గేటుకి మాత్రం నీలంరంగు టు-లెట్ బోర్డు వేలాడుతోంది. "నీలం బోర్డు. ఇదే గుర్తు" అన్నాడు తవిటినాయుడు. మిగతా ఇద్దరూ కళ్ళు మూసుకుని బట్టీపట్టారు.

ఓనరు నూకరత్నం గారు లెక్కల టీచరుగా చేసి రిటైరయిన ఆవిడ. కింద తనుంటుంది, మేడమీద వాటా అద్దెకిస్తుంది. తాళంకప్ప, తాళంచెవి వాళ్ళ చేతికిచ్చి, "వెళ్ళి తీరిగ్గా చూసుకోండి బాబూ. నాకు పొయ్యిమీద పప్పుంది" అని లోపలికెళ్ళిపోయింది.

ముందు పంపకం. మూల పడున్న బొగ్గుముక్క తీసుకుని సన్యాసిరావు నేలమీద గీతలు గీశాడు. హాలు తవిటినాయుడికి, వంటగది పైడిరాజుకి, బాత్రూము సన్యాసిరావుకి. అందరికంటే సన్యాసిరావే సంబరపడ్డాడు, ఎందుకంటే గడియ ఉన్నది వాడి గదికే.

"మాకు ఆకలేస్తే?" అన్నాడు సన్యాసిరావు.

"నన్నడిగి వంటగదిలోకి రండి" అన్నాడు పైడిరాజు.

"నువ్వు ఇంట్లో లేకపోతే?"

"నేనొచ్చేదాకా ఆకలెయ్యనివ్వకండి."

సబబుగానే ఉందనుకున్నారు. కాసేపటికి పైడిరాజు గీత దగ్గర నిలబడి, "ఒరే తవిటీ, నీ హాల్లోంచి బయటికెళ్ళొచ్చా?" అని అడిగాడు. "ఇవాళ్టికి వెళ్ళు. రేపటినుంచి ముందురోజే చెప్పాలి" అన్నాడు తవిటినాయుడు.

తర్వాత నీళ్ళు. వంటగదిలో కుళాయి పైడిరాజు తిప్పాడు, బాత్రూములో కుళాయిలన్నీ సన్యాసిరావు తిప్పాడు. తవిటినాయుడి హాల్లో కుళాయి లేదు కాబట్టి వాడు గీత మీద గొంతుక్కూర్చుని రెండువైపులా చూశాడు. నీళ్ళు ఎంతసేపు వస్తాయో చూడమన్నాడు కదా మామయ్య. చూశారు. రెప్ప వెయ్యకుండా చూశారు. ధార సన్నబడింది, గుర్రుగుర్రుమంది, ఆగిపోయింది. కింద నూకరత్నం గారు చేతులకి సబ్బు రాసుకుని కుళాయి తిప్పితే అందులోంచి ఉత్తగాలి వచ్చింది.

"ఈ ఇంట్లో నీళ్ళు ఆగిపోతాయిరా" అన్నాడు సన్యాసిరావు, పెద్ద లోపం పట్టేసినట్టు.

"ఆగేదాకా బాగానే వచ్చాయి. అదీ చెప్పుకోవాలి" అన్నాడు పైడిరాజు. వాడికి న్యాయం ఎక్కువ.

ఇక ఇరుగుపొరుగు. సన్యాసిరావు "అమ్మో, రండర్రా!" అని అరవబోతే తవిటినాయుడు వాడి నోరు మూశాడు. "కష్టమొచ్చి పిలవమన్నాడు మామయ్య. మనకిప్పుడు కష్టమేం లేదు. ఉత్తినే పిలిస్తే అబద్ధమాడినట్టు."

"మరెలా?"

"కష్టం తెచ్చుకుందాం."

తలుపుకి లోపలివైపున తాళం వేశారు. తాళంచెవిని కిటికీలోంచి రోడ్డవతల కాలవలోకి విసిరేశారు. "ఇప్పుడు నిజంగా కష్టమొచ్చింది. ఇంక పిలవచ్చు" అన్నాడు తవిటినాయుడు. ముగ్గురూ కిటికీ ఊచలు పట్టుకుని ఒకటే కేకలు. "రక్షించండి! బాబోయ్! చచ్చిపోతున్నాం!"

ఇంకేముంది, కాలనీ అంతా కదిలొచ్చింది. ఒకాయన నిచ్చెనతో వచ్చాడు, ఒకావిడ రోకలితో వచ్చింది, ఆటో అతను ఆటోతోనే వచ్చాడు. "ఏటయింది? ఏటయింది?" అని ఒకటే గోల.

కిటికీలోంచి తవిటినాయుడు అందరికీ దణ్ణం పెట్టాడు. "ఏం కాలేదండీ. పిలిస్తే వస్తారో రారో అని చూశాం. వచ్చారు. చాలా సంతోషం. ఇంక వెళ్ళిపోండి."

"మరి తలుపు తియ్యండర్రా!"

"తియ్యలేమండీ. తాళంచెవి మీ కాళ్ళ దగ్గర కాలవలో ఉంది."

నిచ్చెనాయన మేడ వెనకనుంచి ఎక్కి, వెంటిలేటరు అద్దం పగలగొట్టి లోపలికి దూరాడు. రుబ్బురాయి పొత్రంతో తాళంకప్ప మీద నాలుగు బాదులు బాదాడు. తాళం ఊడింది. పొత్రం జారి నేలమీద పడి రెండు పలకలు బద్దలయ్యాయి. ఆయన అన్న మాటలు పిల్లల ముందు చెప్పను.

జనం వెళ్ళిపోయారు. సబ్బు చేతులతో నూకరత్నం గారు మెట్లమీద నిలబడి ఉంది. ట్యాంకు ఖాళీ, అద్దం పోయింది, పలకలు పగిలాయి, నేలంతా బొగ్గుగీతలు. ఆవిడ నష్టమంతా వేళ్ళమీద లెక్కేసుకుంటోంది. తవిటినాయుడికి దిగులు పట్టుకుంది, అన్నీ చూశారు గానీ అసలుది మిగిలిపోయింది కదా.

దగ్గరికెళ్ళి చేతులు కట్టుకుని, "ఆంటీ, మీ కోపం ఎలా ఉంటుందో ఒకసారి చూపిస్తారా?" అని అడిగాడు.

"ఎందుకు నాయనా?"

"దిగాక తెలిస్తే లాభంలేదని మామయ్య చెప్పాడండి."

నూకరత్నం గారు ముగ్గురి మొహాలూ మార్చిమార్చి చూసింది. "మీరు రోజూ ఇలాగే ఉంటారా?"

"రోజూ ఇలాగేనండి. ఆదివారాలు కూడా."

ఆవిడ మెట్టుమీద కూలబడి నవ్వింది. కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. "మీకు ముందున్నవాళ్ళు మహా తెలివైనవాళ్ళు నాయనా. ఒకడు నా మీటరునుంచే వైరు లాక్కుని ఫ్రిజ్జు నడిపాడు. ఇంకొకడు అద్దె అడిగితే చట్టం చదివి వినిపించాడు. ఆ తెలివితో విసిగిపోయాను. మీరే నయం. పలకలు వేయించుకుంటాను గానీ, రేపు పొద్దున్నే వచ్చి దిగిపోండి. వెళ్తూవెళ్తూ గేటుకున్న బోర్డు తీసెయ్యండి. ఇల్లు మీదయ్యాక ఇంకా బోర్డెందుకు?"

తవిటినాయుడు ఎగిరి గంతేశాడు. కారం మిల్లు తప్పింది! ముగ్గురూ పరుగున కిందకి దిగి, బోర్డు తీసేశారు. "ఇది మన గుర్తురా, భద్రంగా పెట్టుకోవాలి" అని చంకలో పెట్టుకుని మామయ్య ఇంటికొచ్చారు. లోపల పెడితే హాల్లో చోటు లేదని అత్తయ్య తిడుతుంది. బోర్డు ఉండాల్సింది ఎలాగూ గేటుకే. అంతే, మామయ్య గేటుకి వీధివైపు తగిలించి పడుకున్నారు.

ఆదివారం తెల్లవారగానే పరుపుచుట్టలు నెత్తినెత్తుకుని బయల్దేరారు. కాలనీలో ఈ చివర్నుంచి ఆ చివరికి ప్రతి గేటూ చూశారు. నీలం బోర్డు ఎక్కడా లేదు.

ఒక గేటు దగ్గర నూకరత్నం గారే నిలబడి చెయ్యూపింది. "ఇటు, ఇటు నాయనా! ఎక్కడికి పోతున్నారు?"

"మా ఇల్లు వెతుక్కుంటున్నామండి" అన్నాడు తవిటినాయుడు.

"ఇదే కదా మీ ఇల్లు!"

"దీనికి బోర్డు లేదండి."

"నేను నూకరత్నాన్ని బాబూ! నిన్న చూశారుగా!"

"మిమ్మల్ని గుర్తుపట్టాం ఆంటీ. ఇల్లే గుర్తుపట్టలేకపోతున్నాం. ఎవరి మాటా నమ్మొద్దని అత్తయ్య గట్టిగా చెప్పింది. ఏమనుకోకండి."

వాళ్ళు మర్యాదగా దణ్ణం పెట్టి ముందుకి సాగిపోయారు. మధ్యాహ్నం ఆ గేటు ముందునుంచే మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ దణ్ణం పెట్టారు.

అక్కడ మామయ్య ఇంట్లో అత్తయ్య పని అయిపోయింది. పొద్దున్నుంచి ఒకటే జనం. "ఇల్లు అద్దెకిస్తారటగా, చూపించండి" అని ఒకళ్ళ వెనక ఒకళ్ళు. బోర్డు వీధివైపు ఉందాయె, ఎందుకొస్తున్నారో ఆవిడకి అంతుపట్టలేదు. ఒక ముసలాయనైతే నేరుగా పడగ్గదిలోకొచ్చి, దుప్పట్లో ఉన్న మామయ్యని చూసి, "వీరెప్పుడు ఖాళీ చేస్తారు?" అని అడిగాడు.

పొద్దు వాలింది. నాన్న బస్సు వచ్చే వేళయింది. తవిటినాయుడికి దుఃఖం ఆగలేదు. అప్పుడే తుమ్ములు కూడా మొదలయ్యాయి. "పోయిందిరా, కాలేజీ పోయింది. గులాబీనీళ్ళు పోయాయి" అని ఏడుస్తూ, తుమ్ముతూ వీధి మలుపు తిరిగాడు. తిరిగి, ఆగిపోయాడు.

ఎదురుగా గేటు. గేటుకి నీలం బోర్డు.

"దొరికిందిరోయ్!"

అంతే, ముగ్గురూ ఒక్క ఊపులో లోపలికి దూకారు. గుమ్మంలో అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. తవిటినాయుడు ఆవిణ్ణి చూసి ఆశ్చర్యపోయాడు. "అత్తయ్యా! మాకంటే ముందే వచ్చేశారా! మా మీద ఎంత ప్రేమ అత్తయ్యా మీకు!"

అత్తయ్య నోరు తెరిచేలోపల సన్యాసిరావు హాల్లో బొగ్గుగీత గీశాడు, పైడిరాజు వంటగదిలో పరుపు పరిచాడు. సన్యాసిరావు బాత్రూములోకెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే లక్ష్మునాయుడు సంచీతో దిగాడు. బోర్డు చూశాడు, హాలు చూశాడు, గోడలు చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇల్లు బాగుందిరా! అచ్చం మీ మామయ్య ఇల్లులాగే ఉంది. ఇదేట్రా, గోడమీద నా పెళ్ళి ఫొటో కూడా పెట్టారు! ఓనరెవరో గానీ మర్యాద తెలిసిన మనిషి."

మామయ్య దుప్పటితో సహా లేచొచ్చాడు. "బావా, ఇది నా ఇల్లు బావా!"

"అంతే మరి! మేనల్లుడి ఇల్లు నీది కాకపోతే ఇంకెవరిది? జొరంతో ఉండి కూడా చూడ్డానికొచ్చావు, నీ రుణం తీర్చుకోలేను" అని లక్ష్మునాయుడు కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత కొడుకు వీపు తట్టి, "మిల్లు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు చదువుకో. ఇల్లు దొరికాక గేటుకి బోర్డెందుకురా, ఇంకెవడైనా వచ్చి దిగిపోతాడు. తీసి నీ దగ్గరే పెట్టుకో. ఎక్కడికెళ్ళినా వదలకు" అన్నాడు. ఆ రాత్రి బస్సుకే ఊరెళ్ళిపోయాడు.

సోమవారం ముగ్గురూ కాలేజీకెళ్ళారు, బోర్డు చంకలో పెట్టుకునే వెళ్ళారు. వాచ్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు. "బోర్డులవీ లోపలికి తేకూడదు. బయటెక్కడైనా పెట్టుకోండి." సరేనని కాలేజీ గేటుకే తగిలించి క్లాసుకెళ్ళారు. ఆరోజు ల్యాబులో నీళ్ళు మళ్ళీ గులాబీరంగుకి తిరిగాయి. ఈసారి చుక్క తవిటినాయుడే వేశాడు.

సాయంత్రం గంట కొట్టాక బయటికొచ్చి, ఇల్లెటుందా అని నాలుగువైపులా చూశారు. తవిటినాయుడు గేటు దగ్గర కొయ్యబారిపోయాడు.

"ఒరే, మన ఇల్లు కాలేజీకి ఇంత దగ్గరని ఇన్నాళ్ళూ చూసుకోలేదేంట్రా!"

అంతే. వెనక్కి తిరిగి మళ్ళీ లోపలికి నడిచారు. పైడిరాజు క్యాంటీన్లోకెళ్ళి చాప పరిచాడు. సన్యాసిరావు బాత్రూము వెతుక్కుంటూ వెళ్ళాడు. తవిటినాయుడు ప్రిన్సిపాల్ గారి గది తలుపు తోసుకుని వెళ్ళి, ఆయన కుర్చీ చుట్టూ బొగ్గుగీత గీసి, "మీరు లేవక్కర్లేదు సార్. బయటికెళ్ళాలంటే మాత్రం ముందురోజే చెప్పండి" అన్నాడు.