బీచ్ ఆడా, మగా?

హిమజకి ఫ్రెంచిలో మాటలు బాగానే వచ్చు. చిక్కల్లా ఏ మాట ఆడది, ఏ మాట మగది అన్న దగ్గరే.

కుర్చీ ఆడది. స్టూలు మగది. చెంచా ఆడది, కత్తి మగది. ఎందుకో ఎవరూ చెప్పరు. అది తేల్చుకోకుండా నోరు తెరిస్తే, ముందుండే లె, లా అనే బుల్లి మాట తప్పుతుంది. అది తప్పితే వెనకాల వచ్చేవి కూడా తప్పుతాయి.

డిగ్రీ అయ్యి రెండేళ్లయింది. హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్లు, ఫ్రాన్స్ నుంచి వచ్చే ఇన్సూరెన్స్ కాగితాలు చూసే పనికి తీసుకుంటామన్నారు. ఫ్రెంచి పరీక్ష పాసవ్వాలన్నారు. రాత పరీక్ష గట్టెక్కింది. నోటి పరీక్ష పోయింది. ఆరోజు ఆమె ప్రతి మాట ముందూ ఆగి లెక్కలేసుకుంటుంటే, ఎదురుగా కూర్చున్న ఇద్దరు మేడమ్‌లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఒకావిడ కిటికీ వైపు తిరిగిపోయింది.

ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అది వచ్చే గురువారం. ఆ తర్వాత ఆ ఉద్యోగం వేరేవాళ్లకి.

అందుకే నాలుగు నెలలుగా కాకినాడ నుంచి యానాం బస్సెక్కి లాజరు మాస్టారి దగ్గరికి వస్తోంది. మాస్టారు మార్సేయ్‌లో ఒక పోస్టాఫీసులో ఇరవై ఆరేళ్లు ఉత్తరాలు వేరుచేసే పని చేసి, రిటైరయ్యాక సొంత ఊరు వచ్చేశారు. వరండాలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలేసుకుని, వచ్చినవాళ్లకి ఫ్రెంచి చెప్తారు.

మొదటి రోజే హిమజ అడిగింది.

"అసలు బల్ల ఆడదేంటండి మాస్టారూ? దానికేమైనా లాజిక్ ఉండాలి కదండి."

"అమ్మ వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. నాన్న ఒక్కడే వచ్చాడు," అన్నారు మాస్టారు. "ఇది మన తెలుగే. ఎప్పుడైనా ఆగి ఆలోచించావా?"

"లేదండి. అయినా అదేం న్యాయమండి, మమ్మల్ని తీసుకెళ్లి బస్సుల్లో కలిపేయడం."

"న్యాయం కాదు. అయినా నీ నోరు ఎప్పుడూ ఆగలేదు కదా."

హిమజకి అది జవాబులా అనిపించలేదు. ఇంటికెళ్లి తన పద్ధతి తను మొదలెట్టింది. రెండొందల పేజీల పుస్తకం కొంది. ఏ అక్షరాలతో ముగిస్తే ఆడ, ఏవాటితో ముగిస్తే మగ, ఎన్ని మాటలు ఆ రూలు తప్పుతాయి, అన్నీ ఎర్ర ఇంకు, నీలం ఇంకుతో రాసింది. ఇంట్లో ఫ్రిజ్జు నుంచి చీపురు దాకా చీటీలు అంటించింది. వాళ్ల అమ్మ పప్పు డబ్బా తీయబోతే చీటీ చేతికి అంటుకునేది. "ఇది ఆడదా మగదా చెప్పవే, మూత తీస్తాను," అనేది.

పుస్తకంలో పదహారు వందల మాటలయ్యాయి. మాస్టారు ఎక్కడ అడిగినా తప్పు పోయేది కాదు. కాకపోతే కాస్త టైమ్ ఇవ్వాలి.

మాస్టారి ఇంట్లో ఒక అలవాటు ఉంది. ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి మార్సెల్ ఫోన్ చేస్తాడు. పోస్టాఫీసులో మాస్టారి పక్క బల్ల ఆయనది. ఎనభై రెండేళ్లు. చూపు పోయింది. అక్కడొక వృద్ధాశ్రమంలో ఉంటాడు. నర్సు నంబరు నొక్కి చేతికిస్తే గంటసేపు మాట్లాడతాడు. మాస్టారు మధ్యలో ఆ ఫోను తన దగ్గర చదువుకునేవాళ్లకి తలా కాసేపు ఇస్తారు. వాళ్లు సొరకాయని మగదాన్ని చేసేవాళ్లు, సముద్రాన్ని మగవాణ్ని చేసేవాళ్లు. మార్సెల్ పడీ పడీ నవ్వి, ఇంకా చెప్పమనేవాడు. వింటుంటే వాళ్ల తరఫున హిమజకి సిగ్గేసేది.

తన వంతు వస్తే మాత్రం చేతులు వెనక్కి పెట్టుకునేది.

"పూర్తిగా వచ్చాక మాట్లాడతానండి."

"వాడికి ఎనభై రెండమ్మా. నీకు పూర్తిగా ఎప్పటికి వస్తుంది?"

"తప్పులతో మాట్లాడితే బాగోదు కదండి, పెద్దాయనతో."

మాస్టారు బలవంతపెట్టేవారు కాదు.

రెండు వారాల కిందట మాస్టారికి గుండె నొప్పి వచ్చింది. కాకినాడ తీసుకెళ్లి స్టెంట్ వేశారు. ఆ ఆదివారం ఫోనెత్తినవాళ్లు మార్సెల్‌కి సంగతి చెప్పారు. తర్వాతి ఆదివారం ఫోన్ స్విచాఫ్‌లో ఉంది. మాస్టారు ఇంటికొచ్చి రెండు రోజులే అయింది.

ఈ ఆదివారం హిమజ ఒక్కతే వచ్చింది. ఒళ్లో పుస్తకం పెట్టుకుని, గురువారం పరీక్షకి వల్లె వేసుకుంటోంది. నాలుగున్నరకి మాస్టారు చెప్పులేసుకున్నారు.

"డాక్టరు నడవమన్నాడు. బీచ్ దాకా వెళ్లొస్తా. ఐదింటికి మార్సెల్ చేస్తాడు, నువ్వెత్తు."

హిమజ లేచి నిలబడింది. "మీరొచ్చాక చేయించండి మాస్టారూ. లేకపోతే మెసేజ్ పెట్టేస్తాను."

"కళ్లు లేనివాడికి మెసేజేంటి. ఒక్క ముక్క చెప్పు చాలు. మాస్టారు బీచ్ దగ్గరున్నారు, అరగంటలో వస్తారు. అంతే."

ఫోను కుర్చీలో పెట్టి వెళ్లిపోయారు.

ఐదు కొట్టకముందే మోగింది. అటు నుంచి సన్నటి గొంతు.

"లాజర్? లాజర్, నువ్వేనా?"

"కాదండి. నేను ఆయన శిష్యురాల్ని," అంది హిమజ ఫ్రెంచిలో. అది ముందే కూర్చి పెట్టుకున్న వాక్యం. తప్పు లేదు. ధైర్యం వచ్చింది.

"ఆయనెక్కడమ్మా? ఎలా ఉన్నాడు?"

"మాస్టారు..." అంది హిమజ.

బీచ్‌ని ప్లాజ్ అంటారు. ఆజ్ అని ముగిసేవి మగవి. నీలం ఇంకు. కానీ రూలు తప్పేవి ఆరున్నాయి. పంజరం ఒకటి. పేజీ ఒకటి. బొమ్మ ఒకటి. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. కోపం ఒకటి. నాలుగయ్యాయి. ఇంకో రెండు. ఈత ఒకటి.

"మాస్టారు..." అంది మళ్లీ. గొంతు వణికింది.

అటువైపు ఊపిరి వినపడుతోంది. ఏదో అన్నాడు, హిమజకి పట్టలేదు. ఆరోది ఏంటి? బీచేనా? బీచే అయితే ఆడది. కాకపోతే మగది.

"అర్థమైందమ్మా," అన్నాడు మార్సెల్ చాలా మెల్లిగా. "నువ్వు చెప్పక్కర్లేదు."

ఫోన్ పెట్టేశాడు.

ఆరోది బీచే. ఎర్ర ఇంకు. అప్పుడు గుర్తొచ్చింది.

మాస్టారు వచ్చేసరికి హిమజ అలాగే నిలబడి ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. మాస్టారు చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని ఆ నంబరుకి చేశారు. ఎంగేజ్. మళ్లీ చేశారు. ఎంగేజ్. అరగంటసేపు అదే.

ఈలోపు వేరే నంబరు నుంచి ఫోనొచ్చింది. పాత పోస్టాఫీసు మనిషెవరో. మాస్టారు హలో అనగానే అటు పెద్ద కేక, తర్వాత ఏడుపు. "నేనేనయ్యా, నేనే. బతికే ఉన్నాను," అని మాస్టారు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. అది పెట్టేసరికి ఇంకోటి. ఒకావిడ, చర్చిలో ప్రార్థన ఏ రోజు పెట్టించమంటారని అడిగింది.

హిమజ గోడకి ఆనుకుని నిలబడింది. "నా తప్పేనండి," అంది.

"నాది కూడా. ఫోన్ వదిలేసి వెళ్లింది నేనే," అన్నారు మాస్టారు. ఆమె వైపు చూడలేదు.

ఆరింటికి లైన్ కలిసింది. మాస్టారు పేరు చెప్పారు. అటు చాలాసేపు తిట్లు. తర్వాత ముక్కు చీదిన చప్పుడు. వరండాలో ఇంకెవరూ లేకపోవడంతో ప్రతి మాటా హిమజకి వినపడుతూనే ఉంది.

"ఆ పిల్లని ఏమీ అనకు లాజర్," అంటున్నాడు మార్సెల్. "పాపం నోట మాట రాలేదు. నీ పేరెత్తి ఆగిపోయింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ ఆగిపోయింది. నువ్వు హాస్పిటల్లో ఉన్నావన్న దిగులు తీరలేదేమో. నీ మీద అంత ప్రాణం పెట్టుకున్న శిష్యురాలు ఉందని ఎప్పుడూ చెప్పలేదే. నేను పోయినప్పుడు నా పేరు దగ్గర అలా ఆగేవాళ్లు ఇక్కడ ఒక్కరు లేరు."

మాస్టారు హిమజ వైపు చూశారు. ఈసారి చాలాసేపు చూశారు.

తర్వాత ఫోను ఆమెకి అందించారు.

"ఎందుకు ఆగావో చెప్పు."

"మాస్టారూ, వద్దండి. ఆయన అలాగే అనుకోనివ్వండి."

"చెప్పు."

హిమజ పుస్తకం కోసం కుర్చీ వైపు చూసింది. మాస్టారు ఆ పుస్తకం మీదే కూర్చుని ఉన్నారు.

ఫోను చెవి దగ్గర పెట్టుకుని మొదలెట్టింది. ఏడుపు కాదండి, అంది. దిగులు కూడా కాదండి. నేను లెక్కపెట్టుకుంటున్నాను. మాట ఆడదో మగదో తెలియలేదు. పంజరం, పేజీ, బొమ్మ. వేళ్ల మీద. అప్పుడు మీరేమన్నారో కూడా నేను వినలేదండి.

రెండో వాక్యంలోనే తప్పు పోయింది. అది ఆమెకి తెలిసింది. ఇంకో మూడు తప్పులు పోయాయి. అవీ తెలిశాయి. ఎక్కడా ఆగలేదు.

అయిపోయింది. అటువైపు ఏ చప్పుడూ లేదు. ఆయన ఉన్నాడో, పెట్టేశాడో తెలియలేదు. హిమజ ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

చివరికి మార్సెల్ అడిగాడు. గొంతులో కోపం లేదు.

"ఇంతకీ ఏదని తేల్చావమ్మా?"

జవాబు హిమజకి తెలుసు. నోరు తెరిచింది. మాట రాలేదు.

మాస్టారు కాసేపు చూసి, ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నారు.

"ఉండరా మార్సెల్," అన్నారు. "ఈసారి నిజంగానే ఏడుస్తోంది."