నిద్రపోని హర్కారాలు

ఒక యంత్రం లోపల ఒక కబుర్ల ఇల్లు ఉండేది. ముందు వాకిట్లో ద్వారపాలకుడు, వెనక గదిలో కబుర్లు మోసుకెళ్ళే హర్కారాలు ఉండేవారు. లోయలో వాళ్ళు వాకిట్లో పేరు చెప్పుకుంటే చాలు, వాగు పొంగినప్పుడు హర్కారాలు తీగల మీద పరుగెత్తి ఇంటింటి ఫోనుకూ కబురు చేర్చేవారు. ఆ ఇంటిని అమర్చినవాడి కూతురు కూడా చంటిబిడ్డతో ఆ లోయలోనే ఉండేది.

హర్కారాలది ఒక చిత్రమైన గుణం. నిద్ర లేపినప్పుడు విన్న మాటే వాళ్ళకు ఆజ్ఞ. మళ్ళీ పడుకోబెట్టి లేపేదాకా ఇంకో మాట చెవికెక్కదు. పైగా లేపినవాడి గొంతుతోనే పలుకుతారు. ఎప్పుడో ఎండ కాస్తున్న ఒక పూట అమర్చినవాడు వాళ్ళను లేపి, వాగు పొంగిన రోజున చేర్చాల్సిన మాట తీరిగ్గా చెప్పాడు: "వాగు పొంగింది. కంగారు పడకండి. వంతెన దాటి వచ్చేయండి." అప్పటి నుంచి వాళ్ళు కన్ను మూయలేదు.

ఒక ఉదయం వాన దంచి కొడుతుండగా వంతెన కాలు చీలిందని అతనికి తెలిసింది. పరుగున వాకిలికి వచ్చి ద్వారపాలకుడికి ఆజ్ఞ మార్చి చెప్పాడు.

"ఇప్పుడు ఏమని చెబుతావు?"

"గుట్ట ఎక్కమని చెబుతానయ్యా," అన్నాడు ద్వారపాలకుడు.

అమర్చినవాడు ఊపిరి పీల్చుకున్నాడు. వాకిలి సరిగ్గా పలికితే ఇల్లంతా బాగున్నట్టే అనుకుంటాం కదా, అతనూ అంతే.

"మరి వెనకవాళ్ళను ఒకసారి పడుకోబెట్టి లేపరా?" అని అడిగాడు ద్వారపాలకుడు.

అతను ఆకాశం వైపు చూశాడు. "ఇప్పుడా? వాళ్ళు కన్ను మూసిన ఆ కాసేపట్లోనే వాగు పొంగితే? వద్దు, నాకు భయంగా ఉంది. వాన తగ్గనీ."

వాన తగ్గలేదు. వాగు పొంగింది. కబురు పంపమని అతను వాకిట్లో కేక వేశాడు.

"అందిందయ్యా," అన్నాడు ద్వారపాలకుడు.

వెనక గదిలోంచి తన గొంతే, హాయిగా, నింపాదిగా వినిపించింది: "కంగారు పడకండి. వంతెన దాటి వచ్చేయండి."

అతను వెనక గదిలోకి పరుగెత్తాడు. తీగ ఎక్కినవాళ్ళు వెనక్కి రారు. గదిలో మిగిలినవాళ్ళను బలవంతాన పడుకోబెట్టి, లేపి, పళ్ళు టకటకలాడుతుంటే అరిచాడు: "వంతెన ఎక్కకండి! గుట్ట... గుట్ట ఎక్కండి!" వాళ్ళు ఆ వణుకుతోనే పరుగెత్తారు.

లోయలో ఇంటింటికీ రెండు కబుర్లు చేరాయి. జనం తడుస్తూ వంతెన మొదట్లో గుమిగూడారు. ఒక ముసలామె అతని కూతురి చెయ్యి పట్టుకుంది. "మీ నాయన గొంతు నీకే గదమ్మా తెలిసేది. ఏది ఆయనది?"

కూతురు చేతిలోని ఫోనులో రెండూ మళ్ళీ విన్నది. మొదటిది చిన్నప్పుడు ఉరుములకు తను ఏడిస్తే జోకొట్టిన గొంతు. రెండోది ఎవరిదో, భయంతో చచ్చిపోతున్నట్టుంది.

"మొదటిదే మా నాన్నది," అంది. "ఆయన ఇట్లా వణకడం నేనెప్పుడూ వినలేదు."

బిడ్డను చంకన సర్దుకుని, అందరికంటే ముందు వంతెన ఎక్కింది.