గుమ్మడయ్య ఊదుగొట్టం

అనగనగా, వాన మొదలుపెడితే ఆపడం మరిచిపోయే ఒక అడవిలో ఒక ఏనుగు ఉండేది. దాని పేరు గుమ్మడయ్య. ఆ అడవి ఏనుగులకు ఒక సరదా ఉండేది. వెదురు గొట్టంలో దుంప పెట్టి, తొండంతో ఫూ అని ఊదేవి. ఎవరి దుంప దూరం పోతే వాళ్లదే గొప్ప. గుమ్మడయ్య తన గొట్టాన్ని రోజూ ఇసుకతో తోమి, లోపలంతా అద్దంలా నునుపు చేసుకునేవాడు. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఒకసారి వాగు పొంగింది. దూదమ్మ అనే కుందేలు పిల్లలతో సహా వాగు మధ్యలో బండ మీద చిక్కుకుపోయింది. అక్కడ గడ్డిపోచ కూడా లేదు. నీళ్ల వడికి ఏనుగు కాలు కూడా నిలవదు.

"అన్నా, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఏదైనా పంపవూ?" అని దూదమ్మ కేక వేసింది.

"అదెంత పని చెల్లీ" అన్నాడు గుమ్మడయ్య. ఒడ్డున దుంపలన్నీ వాగు ఊడ్చుకుపోగా మొనదేలిన పొడుగాటివి మూడే మిగిలాయి. ఒకటి గొట్టంలో పెట్టి ఊదాడు. దుంప గాల్లో పిల్లిమొగ్గలు వేసుకుంటూ పోయి నీళ్లలో పడింది.

'సరిగ్గా ఊదలేదు' అనుకున్నాడు. ఈసారి ఒంట్లో ఉన్న గాలంతా పెట్టి ఊదాడు. రెండో దుంప ఇంకా ఎక్కువ పిల్లిమొగ్గలు వేసి, పక్కకు తిరిగి, అవతలి ఒడ్డున నిద్రపోతున్న దున్నపోతు నుదుటికి తగిలింది. దున్నపోతు కళ్లు తెరిచి, "నేనేం చేశాను నాయనా?" అని అడిగి మళ్లీ పడుకుంది.

ఇదంతా చూస్తున్న ముళ్లపంది ముళ్లమ్మత్త దగ్గరికొచ్చింది. "అల్లుడూ, గొట్టం ఇటివ్వు. లోపల మెలికలు తిరిగేలా గాట్లు పెడతాను."

"తిన్నగా పోవాల్సినదానికి మెలికల దారా? మతి ఉండే మాట్లాడుతున్నావా అత్తా?"

"నాకు మతి ఉంది. నీ దగ్గర మాత్రం దుంప ఒక్కటే ఉంది. దాన్ని మొన మీద నిలబెట్టు చూద్దాం."

గుమ్మడయ్య నిలబెట్టాడు. అది పడిపోయింది.

"ఇప్పుడు గిర్రున తిప్పి వదులు."

తొండం కొసతో తిప్పి వదిలాడు. దుంప బొంగరంలా నిలబడింది. గుమ్మడయ్య నోరు తెరిచాడు.

"గాల్లోనూ అంతే" అంది ముళ్లమ్మత్త. "గిర్రున తిరుగుతూ పోయేది పిల్లిమొగ్గలు వేయదు. గాట్లు పట్టుకుని జారితే, దుంప వాటి మెలికతో పాటే తిరుగుతూ బయటికొస్తుంది."

మాట అర్థమైంది. అయినా గొట్టం ఇవ్వడానికి మనసు రాలేదు. ఎన్నాళ్లు తోముకున్న గొట్టం! గుమ్మడయ్యకు ఏడుపొచ్చినంత పనయింది.

అంతలో బండ మీద చిన్న కుందేలు పిల్ల ఏడుపు ఆపేసింది. దానికి ఏడవడానికి కూడా ఓపిక లేదు. అది చూసిన గుమ్మడయ్య గొట్టాన్ని అత్త ముందు పెట్టేశాడు.

"పెట్టు అత్తా. నేను మాత్రం చూడలేను" అని అటు తిరిగి నిలబడ్డాడు.

ముళ్లమ్మత్త తన ముల్లొకటి కర్రకు కట్టింది. దాన్ని గొట్టంలోకి దూర్చి, తిప్పుతూ తిప్పుతూ లాగింది. గరగరమన్నప్పుడల్లా గుమ్మడయ్య చెవులు మూసుకున్నాడు.

ఆఖరి దుంప ఈసారి గొట్టంలోకి సులువుగా వెళ్లలేదు. గాట్లలో బిగువుగా కూర్చుంది. గుమ్మడయ్య ఊపిరి పీల్చుకుని మామూలుగానే ఊదాడు.

దుంప గిర్రున తిరుగుతూ బయటికొచ్చింది. మొన ముందుకే ఉంచుకుని, గాలిని చీల్చుకుంటూ వెళ్లి, దూదమ్మ కాళ్ల దగ్గర నాచులో దిగబడింది. తల్లీ పిల్లలూ దాని మీద పడి కరకరా తిన్నారు. ఆ చప్పుడు వింటుంటే గుమ్మడయ్యకు ఏ పందెం గెలిచినప్పుడూ లేనంత సంతోషం వేసింది.

వరద తగ్గి కుందేళ్లు ఒడ్డు చేరాక, మిగతా ఏనుగులు వచ్చి గొట్టం లోపలికి తొంగి చూశాయి. "అయ్యయ్యో, అన్నీ గీతలే. పాడైపోయిందే" అన్నాయి.

"పాడవలేదు" అన్నాడు గుమ్మడయ్య. "ఇన్నాళ్లకు పనికొచ్చింది."

నీతి: ఎంత బలమున్నా, అవసరాన్ని బట్టి మారడానికి ఒప్పుకున్నప్పుడే అది ఇంకొకరికి అక్కరకొస్తుంది.