పోలమ్మ ఆర్పిన చుట్ట

ఊఁ కొట్టేవాళ్లుంటేనే చెబుతా. కొడతారా? అయితే వినండి.

మన తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉండేదట. అక్కడి ఆడవాళ్లు అడ్డపొగ కాల్చేవారు. అంటే చుట్టకు నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుని పీల్చడమన్నమాట. గాలికి ఆరదు, నెత్తిన చేపల గంప పట్టుకోవడానికి రెండు చేతులూ ఖాళీ. కడుపుతో ఉన్నా అంతే. పొగకు బిడ్డ సన్నబడుతుందని, బిడ్డ సన్నగా ఉంటే కానుపు సులువని వాళ్ల నమ్మకం.

ఆ పల్లె మంత్రసాని పోలమ్మ. ఊళ్లో అందరి బొడ్డూ కోసింది ఆవిడే, అందరికంటే పొడుగు చుట్ట కాల్చేదీ ఆవిడే.

ముత్యాలు అనే పిల్లకు ఇద్దరు బిడ్డలు పుట్టి పురిట్లోనే పోయారు, పిడికెడంత బిడ్డలు. మూడోసారి నెల తప్పింది. ఏడుస్తూ పోలమ్మ దగ్గరికి వచ్చింది.

"మామ్మా, ఈ బిడ్డయినా దక్కుతాదా?"

పోలమ్మ ఆలోచనలో పడింది. పొగ వాసనకే వాంతులై, కడుపుతో ఉన్నన్నాళ్లూ చుట్ట ముట్టని ఆడవాళ్లు కొందరున్నారు. వాళ్ల బిడ్డలు దుక్కల్లా పుట్టారు.

"చుట్ట మానెయ్యి పిల్లా" అంది.

ముత్యాలు మానింది. సాయంత్రానికి వలల చాటున కాలుస్తూ దొరికింది. పోలమ్మ తిట్టింది. ముత్యాలు మానింది. మర్నాడు సరుగుడు తోటలో దొరికింది. పోలమ్మ మళ్లీ తిట్టింది. ముత్యాలు మళ్లీ మానింది, మళ్లీ దొరికింది. ఈసారి తిడదామని పోలమ్మ నోరు తెరిస్తే, ఆ నోట్లోంచి పొగ వచ్చింది. ముత్యాలుకు నవ్వు ఆగలేదు.

పోలమ్మ తన చుట్ట తీసి నీళ్ల గోలెంలో ముంచింది.

"నువ్వు మానితే నానూ మానేత్తాను. నోరు పీకితే నా కాడికి రా. నాకు పీకితే నీ కాడికొత్తాను. ఇద్దరం తాటి తాండ్ర నములుదాం."

ముత్యాలు రోజుకోసారి వచ్చేది. పోలమ్మ మాత్రం పొద్దున వెళ్లేది, మధ్యాహ్నం వెళ్లేది, దీపాలు పెట్టే వేళా వెళ్లేది.

"మామ్మా, కడుపు నాదా, నీదా?" అని ముత్యాలు ఆటపట్టించేది.

"నోర్మూసుకుని తాండ్ర ఎట్టు" అనేది పోలమ్మ.

ఒకరోజు ముత్యాలు మొగుడి పడవ వేళకు తిరిగి రాలేదు. భయంతో ముత్యాలు చుట్ట చుట్టుకుని నిప్పు వెతుక్కుంటోంది. అంతలో పోలమ్మ వచ్చింది. ఒక్క మాట కూడా తిట్టలేదు. "నాకూ పీకేత్తంది పిల్లా" అని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. పడవ వచ్చేసరికి ఇద్దరి చేతుల మధ్యా ఆ చుట్ట చెమటకు ముద్దయిపోయింది.

నెలలు నిండాయి. ఆడపిల్ల పుట్టింది, దుక్కలా ఉంది. దాని ఏడుపుకు ఒడ్డున వల లాగేవాళ్లు తాళ్లు వదిలేసి చూశారట. అంతమంది బిడ్డలను ఎత్తిన పోలమ్మ ఈ పిల్లను గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

పోలమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. కానీ ఇప్పటికీ ఆ ఒడ్డున కోడలు నెల తప్పితే, కోడలికి ఎవరూ బుద్ధులు చెప్పరు. ముందు అత్త లేచి గోలెం దగ్గరికి నడుస్తుంది. తన చుట్ట నీళ్లలో ముంచి, వచ్చి కోడలి పక్కన కూర్చుంటుంది. ఇక బిడ్డ పుట్టేదాకా ఆ అత్త అందరిమీదా చిర్రుబుర్రులాడుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఏమీ అనుకోరు.

"పోలమ్మ పూనింది, తాండ్ర పెట్టండి" అని నవ్వుకుంటారు.