పడుగు మీద నీడ

అనగనగా నేతగాళ్ళ ఊరొకటి. ఆ ఊళ్ళో బసవయ్య అని ఒక నేతగాడు. అతనికి చౌడమ్మ అని తల్లి లేని కూతురు. నీకంటే రెండేళ్ళు పెద్దది. కాళ్ళు ఆడించకుండా విను.

చీరకు నిలువుగా పోయే దారాలను పడుగు అంటారు. బసవయ్య దానికి గంజి పట్టించి, దొడ్లో చెట్టు నీడన సాచి ఆరబెట్టేవాడు. ఎండలో ఆరిందా, దారం బిరుసెక్కి తెగుతుంది. ఒక ఏడు గాలివానకు ఆ చెట్టు కూలిపోయింది.

అప్పుడు బసవయ్య పొగడ మొక్క తెచ్చాడు. ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్టది. చౌడమ్మ పక్కింటి నుంచి మందారం కొమ్మ తెచ్చింది. వేసవిలో ఇంటికి పోగా బావిలో మిగిలేవి రోజుకు రెండు కడవలే. ఒక్క మొక్కకే సరిపోతాయి.

"పొగడ నీడ ఇచ్చేసరికి నాకూ నీలా గడ్డం వస్తుంది నాన్నా," అంది చౌడమ్మ.

"నీళ్ళు పోసేది నువ్వు. ఏది నాటాలో నువ్వే చెప్పు," అన్నాడు బసవయ్య.

మందారమే నాటింది. పొగడ మొక్క కుండలోనే ఎండిపోయింది.

మొదటి ఏడు మందారం పూసింది. చౌడమ్మ జడ చూసి వీధంతా మెచ్చుకుంది. రెండో ఏడు ఇంకా విరగబూసింది. ఎండకు పడుగు తెగుతుంటే బసవయ్య అక్కడే కూర్చుని పోగు పోగూ ముడి వేసుకునేవాడు. మూడో ఏటికి అతని చూపు తగ్గింది. తెగిన కొసలు వేళ్ళకు దొరకలేదు.

"తిట్టలేదా అమ్మమ్మా?"

తిట్టలేదు. తిట్టి ఉంటే దానికి కొంత తేలికగా ఉండేది.

అప్పుడు చౌడమ్మ దుప్పటి తెచ్చి పడుగు మీద ఎత్తి పట్టుకుంది. ఆ నీడ నాలుగు మూరలకైనా రాలేదు. చేతులు పడిపోయేదాకా నిలబడింది. ఆ తర్వాత వెళ్ళి ఇంకో పొగడ మొక్క తెచ్చి నాటింది. రెండు కడవలూ దానికే పోసింది. ఆ వేసవిలోనే మందారం ఎండిపోయింది.

"దీని నీడ నేను చూడను కదే," అన్నాడు బసవయ్య.

"నీళ్ళు పోసేది నేను నాన్నా," అంది.

పన్నెండేళ్ళు పోసింది. జ్వరం వచ్చిన రోజూ పోసింది. బసవయ్య పోయిన రోజూ పోసింది. ఆ తర్వాత ఒక వేసవిలో పొగడ కింద మొదటి పడుగు సాచింది. సాయంత్రం దాకా ఒక్క పోగు తెగలేదు.

ఆ మాట చెబుదామని వెనక్కి తిరిగింది. నాన్న కూర్చుని ముడులు వేసిన చోట నీడ ఉంది. నాన్న లేడు.

తప్పు చేసినవాళ్ళు ఏడుస్తూ కూర్చోకూడదు తల్లీ. నీళ్ళు మోయాలి.

కథేమో కంచికి,
కడవేమో చెట్టుకి,
నువ్వేమో పక్కకి,
నిద్రేమో కంటికి.