కాకరకాయ కాపలా

కార్తీక శుద్ధ ఏకాదశి, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు సర్పంచి రామభద్రయ్య గారు వంటింట్లోకి వచ్చి, వంట చేసే అచ్చాయమ్మ ఫోను చేతిలోకి తీసుకున్నారు. ఎవరి ఫోనైనా విప్పి చూడటం, చూసింది అరుగు మీద చెప్పి పదిమందినీ నవ్వించడం ఆయనకు సరదా.

అచ్చాయమ్మ యాభై ఏళ్ళు దాటాక అ ఆలు నేర్చుకుంటోంది పాపం. ఆ పాఠాల యాప్‌ను ఓ ఫోల్డరులో దాచి, కొత్తగా వచ్చిన అక్షరాలతో పైన ఓ పేరు కూడా రాసుకుంది.

"ఈ 'కాకరకాయ కూరలు' ఏమిటే?"

"తెరవండి బాబూ. మీ వేలు దేనిమీద పడితే రేపు పారణకి అదే వండుతాను. బూరెలు మానేస్తే మీ షుగరు డాక్టరుగారూ సంతోషిస్తారు."

పొద్దుటినుంచీ ఉపవాసమున్న రామభద్రయ్య గారు ఫోను మెల్లిగా గూట్లో పెట్టేశారు.

"ఒకరి ఫోను మనకెందుకులే. బూరెలే కానియ్యి."

పూజగదిలో ఆయన భార్య సీతారత్నం గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు ద్వాదశి ఉదయం, బూరెలు వేగుతుండగా, సీతారత్నం గారూ, ఆవిడ కోడలూ తమ ఫోన్లు పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చారు.

"మాకూ ఓ కాకరకాయ రాసిపెట్టు, అచ్చాయమ్మా."

చెయ్యి తుడుచుకుని, కూడబలుక్కుంటూ రాసిపెట్టింది.